బటన్లు బాగానే ఉంటాయి, ఫోనే పోతుంది

"బటన్ల ఫోన్ ఉందా?" అని ఏ మొబైల్ షాపులోనైనా అడిగి చూడండి. కుర్రాడు అద్దాల బల్ల కింద నుంచి అంకెల బటన్లున్న బుల్లి ఫోన్ తీసి "ఇంట్లో పెద్దవాళ్లకా సార్?" అంటాడు. కాదు బాబూ, ఏ నుంచి జెడ్ దాకా అక్షరానికో బటన్ ఉండాలి, అందులోనే వాట్సాప్, మెయిలు, మ్యాపులు అన్నీ పనిచేయాలి అని వివరిస్తే, నన్నోసారీ నా చేతిలో ఉన్న ఫోన్‌నోసారీ చూసి, "అవిప్పుడు రావట్లేదు సార్" అని పక్క బేరంలోకి వెళ్లిపోతాడు.

రావట్లేదన్నది సగమే నిజం. తయారవుతున్నాయి, మన షాపుల దాకా రావడం లేదంతే. 2018లో జియోఫోన్ 2 అని ఒకటి వచ్చింది. 2,999 రూపాయలకే అక్షరాల బటన్లన్నీ ఇచ్చారు. కానీ అది కాయ్‌ఓఎస్ మీద నడిచే ఫోన్, ఆండ్రాయిడ్ యాప్‌లు ఎక్కవు. నాకు కావలసింది మామూలు స్మార్ట్‌ఫోనే, కింది భాగంలో కీబోర్డు ఉన్నది. ఉన్న ఫోన్ పని అయిపోయి, దాని స్థానంలో మరొకటి వెతకడం మొదలుపెట్టాక ఈ చిన్న లోకం గురించి నేను తెలుసుకున్నది మీతో పంచుకుంటాను. ఇదే వెతుకులాటలో ఉన్నవాళ్లు మన ఊళ్లలో నేననుకున్నకంటే ఎక్కువమందే ఉన్నారు.

ముందు ఈ పంతమెందుకో చెప్పాలి. కాకినాడ నుంచి ఒక ఇంగ్లీషు పత్రికకు వార్తలు రాస్తాను. కలెక్టరేట్‌లో సమీక్ష జరుగుతున్నప్పుడు మంత్రి ముఖం చూడాలి, ఆయన అంకెలు తప్పు చెప్పినప్పుడు పక్కనున్న అధికారి ముఖం ఇంకా శ్రద్ధగా చూడాలి. ఈలోగా బల్ల కింద బొటనవేళ్లు వాటి పని అవి చేసుకుపోవాలి. టచ్ ఫోన్‌లో అది కుదరదు. ఎక్కడ తాకినా ఒకే నునుపు కాబట్టి కళ్లు దాని మీదే ఉండాలి. మా అమ్మాయి "నాన్నా, నోటితో చెబితే అదే రాసుకుంటుంది కదా" అంటుంది. ఇంట్లో అయితే సరే. ప్రెస్‌మీట్‌లో వెనక కుర్చీలో కూర్చుని మంత్రిగారి మాటలు ఫోన్‌కు వల్లె వేస్తే బయటికి పంపించేస్తారు.

వేగం కోసం మాత్రం బటన్లు కొనకండి. ఆ వాదన ఎప్పుడో ఓడిపోయింది. 2019లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం, కేంబ్రిడ్జి, జూరిచ్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు కలిసి 37 వేల మందికి పైగా ఫోన్లో టైపు చేసే తీరును పరిశీలిస్తే సగటు వేగం నిమిషానికి 36 పదాలని తేలింది. రెండు బొటనవేళ్లూ వాడేవాళ్లు ఇంకాస్త ముందున్నారు. గాజు మీద అది మంచి వేగమే. తప్పు కొట్టినా ఫోన్ తనే దిద్దుకుంటుంది కాబట్టి సాధ్యమవుతోంది. నా పేచీ ఆ దిద్దుబాటుతోనే. గొల్లప్రోలు, తాళ్లరేవు, జగ్గంపేట అని ఇంగ్లీషులో కొడితే ఫోన్ వాటిని తనకు తెలిసిన ఏదో మాటలోకి లాక్కుపోతుంది. మన ఇంటిపేర్ల గతి చెప్పనే అక్కర్లేదు. బటన్ల మీద దిద్దుబాటును పూర్తిగా ఆపేసి రాయవచ్చు. నొక్కిన అక్షరమే పడుతుంది, తప్పయినా అది నా తప్పే అవుతుంది.

మంచి కీబోర్డు అంటే ఏమిటో చూడాలంటే 2008 నాటి బ్లాక్‌బెర్రీ బోల్డ్ 9000ను దగ్గరగా చూడాలి. ఒక్కో బటన్ చదునుగా ఉండదు, ఒక పక్కకు వాలి ఉంటుంది. ఎడమ సగంలోవి ఒక వైపుకు, కుడి సగంలోవి రెండో వైపుకు వాలతాయి. బొటనవేలు ఆ అంచును పట్టుకుని ఏ బటన్ మీద ఉందో చూడకుండానే పోల్చుకుంటుంది. వరసకూ వరసకూ మధ్య సన్నటి లోహపు పట్టీ అడ్డంగా ఉంటుంది కాబట్టి వేలు పై వరసలోకి జారితే తెలిసిపోతుంది. బటన్ కింద చిన్న లోహపు బుడిపె ఉంటుంది. నొక్కితే కుంగుతుంది, వదిలితే టక్కున లేస్తుంది. ఆ టక్కు వేలికి అందిందంటే అక్షరం పడ్డట్టే. అంకెలకు వేరే వరస ఉండదు. ఆల్ట్ నొక్కి డబ్ల్యు, ఇ, ఆర్ కొడితే 1, 2, 3. వాటి కింద ఎస్, డి, ఎఫ్ కొడితే 4, 5, 6. ఆ కింద జెడ్, ఎక్స్, సి కొడితే 7, 8, 9. స్పేస్ రెండుసార్లు కొడితే ఫుల్‌స్టాప్ పడుతుంది. అక్షరాన్ని కాస్త ఎక్కువసేపు నొక్కి ఉంచితే క్యాపిటల్ అవుతుంది. ఈ చివరిది గుర్తుంచుకోండి, తెలుగు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇంత బాగా చేసిన కంపెనీ ఫోన్లు ఏమయ్యాయో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో కూడా తెలుస్తుంది. కెనడాలోని వాటర్లూలో పుట్టిన రీసెర్చ్ ఇన్ మోషన్ 1999లో బ్లాక్‌బెర్రీ పేరుతో మెయిలు చూసుకునే పేజర్ తెచ్చింది, 2002లో ఫోన్ తెచ్చింది. మన దగ్గర మొదట కార్పొరేట్ కంపెనీల అధికార్ల చేతుల్లో కనిపించేది. 2009లో చవకైన కర్వ్ 8520 వచ్చాక కాలేజీ పిల్లలు కూడా బ్లాక్‌బెర్రీ సొంత మెసెంజర్ బీబీఎంలో కలుసుకోవడానికి పిన్నులు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ తర్వాత టచ్ ఫోన్ల ఉప్పెనకు కంపెనీ నిలవలేకపోయింది. 2015లో ప్రివ్ పేరుతో ఆండ్రాయిడ్‌లోకి దిగింది. 2016లో ఫోన్ల తయారీ మానేసి పేరును చైనా కంపెనీ టీసీఎల్‌కు ఇచ్చింది. 2017లో కీవన్, 2018లో కీ2 అలా వచ్చినవే. కీ2 మన దేశంలో 42,990 రూపాయలకు అమ్మారు. స్పేస్ బటన్‌లోనే వేలిముద్ర చదివే ఏర్పాటు ఉండేది. బటన్ల మీద వేలితో నిమిరితే పేజీ కదిలేది. ఆ రకం ఫోన్లలో నాకు తెలిసి అంతకంటే తీరైనది లేదు. కానీ అది ఆండ్రాయిడ్ 8.1తో వచ్చి అక్కడే ఆగిపోయింది. 2020 ఆగస్టు ఆఖరుతో టీసీఎల్ అమ్మకాలు ఆపేసింది. ఇక బ్లాక్‌బెర్రీ సొంత ఓఎస్‌తో నడిచిన పాత ఫోన్లకైతే 2022 జనవరి 4న సేవలే ఆపేశారు. బీరువాలో దాచుకున్న బోల్డ్ తీసి ఆన్ చేస్తే ఈరోజుకీ బటన్లు టక్కుమంటాయి, ఫోన్‌గా మాత్రం పనికిరాదు.

నా అనుభవమూ ఇదే. నా పాత ఫోన్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఒక్క బటన్ కూడా మొండికేయలేదు, ఎక్కువగా వాడే రెండు మూడు అక్షరాల మీద రంగు పోయిందంతే. ముందు బ్యాంకు యాప్ ఈ ఫోన్‌లో పనిచేయనని చెప్పేసింది. తర్వాత బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. సరైన బ్యాటరీ దొరకలేదు. మనం బటన్ల కోసం కొంటాం, కానీ పోయేవి బటన్లు కావు. వాటి చుట్టూ ఉన్న సాఫ్ట్‌వేరు, నెట్‌వర్కు, బ్యాటరీ పోతాయి. కాబట్టి బటన్ల ఫోన్ ఎంచుకునేటప్పుడు బటన్లను ఆఖరున చూడాలి. వినడానికి తిక్కగా ఉన్నా నా లెక్క ఇదే.

మొదట చూడాల్సింది ఆండ్రాయిడ్ ఎన్నోది, భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెబుతోంది అన్నది. వాట్సాప్ ఈ విషయంలో ఉదారమే. 2025 జనవరిలో ఆండ్రాయిడ్ 4.4ను వదిలేసినా 5 నుంచి పైవాటిని ఉంచింది. బ్యాంకులు, యూపీఐ యాప్‌లు అంత ఉదారంగా ఉండవు. ఫోన్‌కు గూగుల్ ధ్రువీకరణ ఉందో లేదో చూస్తాయి, లాకు తీసి వేరే సాఫ్ట్‌వేరు ఎక్కించిన ఫోన్‌ను చాలా యాప్‌లు దగ్గరకు రానివ్వవు. పాత ఫోన్‌కు ఔత్సాహికులు తయారుచేసిన కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించుకోవచ్చని ఎవరైనా ఉత్సాహపెడితే ముందు ఈ సంగతి అడగండి.

రెండోది సిమ్. విదేశాల నుంచి తెప్పించే ఫోన్‌లో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. జియోకు 2జీ, 3జీ లేవు. మాట కూడా డేటా మీదే, అంటే వోల్టీ మీదే వెళ్లాలి. ఫోన్‌లో 4జీ గుర్తు కనిపిస్తుంది, ఇంటర్నెట్ పరుగెడుతుంది, కానీ వోల్టీ మన ఆపరేటర్‌తో కుదరకపోతే కాల్ కలవదు. ఎయిర్‌టెల్ అయితే 3జీ మూసేసినా 2జీ ఇంకా ఉంది కాబట్టి కాల్ దాని మీదకు జారి కలుస్తుంది, మాట్లాడినంతసేపూ డేటా ఆగిపోతుంది. ఫోన్ వివరాల్లో బ్యాండ్లు అనే వరస ఉంటుంది. మన 4జీకి ముఖ్యంగా 3, 5, 8, 40 ఉన్నాయో లేదో, 5జీకి ఎన్78, జియో వాళ్లయితే ఎన్28 కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. బ్యాండ్లున్నంత మాత్రాన వోల్టీ వస్తుందన్న హామీ లేదు. అదే మోడల్‌ను అదే సిమ్‌తో మన దేశంలో వాడుతున్న మనిషిని ఒక్కరిని పట్టుకుని అడగడమే గట్టి రుజువు.

మూడోది మరమ్మతు. ఈ ఫోన్లకు మన ఊళ్లలో సర్వీసు సెంటరు ఉండదు. తెర పగిలితే తెర తెప్పించుకోవడం కూడా ఓ దిగుమతే. దిగుమతి అన్నాక ధర మీద కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ, కొరియరు వాడి చార్జీలు వచ్చి పడతాయి. డాలర్ల ధరను రూపాయల్లోకి మార్చి అంతే అనుకునేవాళ్లు పార్సిలు గుమ్మం ముందుకు వచ్చినరోజు గతుక్కుమంటారు.

సెకండ్ హ్యాండ్ సంగతి చూద్దామని హైదరాబాద్ వెళ్లినప్పుడు అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కు పోయాను. ఇరుకు సందుల్లో ఒకాయన దగ్గర కీ2 దొరికింది. మెరిసిపోతోంది. "బాడీ చూడుండ్రి సార్, కొత్తదే ఉంటది. బ్యాటరీకి మాత్రం గ్యారంటీ అడగొద్దు" అన్నాడు నిజాయితీగా. ఆ మాట తర్వాత బేరం అనవసరమే. అయినా ఎవరైనా సరదాకు కొనుక్కోవాలనుకుంటే చూసుకోవాల్సిన పద్ధతి చెబుతాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పరీక్షకు వెళ్లినవాళ్లకు గుర్తుంటుంది, నక్కా కుక్కా వచ్చే ఇంగ్లీషు వాక్యం, 26 అక్షరాలూ అందులో ఉంటాయి. అది రెండుసార్లు కొట్టండి. ఏ అక్షరమైనా రెండేసి పడుతుంటే, గట్టిగా నొక్కితే తప్ప పడకపోతుంటే పక్కన పెట్టేయండి. గదిలో లైటు తగ్గించి బటన్ల వెనక వెలుగు అన్ని వరసల్లో సమంగా ఉందో లేదో చూడండి. జారుడు కీబోర్డు ఉన్న ఫోనైతే తెరను పదిసార్లు తెరిచి మూయండి. పైభాగాన్ని కింది భాగానికి కలిపే రిబ్బన్ కేబుల్ అరిగిపోవడమే ఆ రకానికి మామూలు జబ్బు.

ఇక తెలుగు. ఇంగ్లీషు వార్తలు రాసేవాడికి తెలుగుతో పనేమిటంటారేమో. ఇంగ్లీషు పత్రికకు వెళ్లేది రోజుకు రెండు వార్తలు, మిగతా బతుకంతా తెలుగులోనే. కంప్యూటర్లలో ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఎడమచేతి కింద అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి కింద హల్లులూ ఉంటాయి. అలవాటైతే హాయిగా ఉంటుంది. కానీ మన హల్లులు ఇంగ్లీషు అక్షరాల 26 బటన్లలో పట్టక పక్కనున్న గుర్తుల బటన్ల మీదకు పొంగాయి. డ చదరపు బ్రాకెట్ మీద, చ సెమీకోలన్ మీద, ట దాని పక్కన కొటేషన్ గుర్తు మీద, య స్లాష్ మీద ఉంటాయి. ఫోన్ కీబోర్డులో ఆ బటన్లే ఉండవు. అంటే ఇన్‌స్క్రిప్ట్‌ను ఉన్నదున్నట్టు దించితే తుని రాయవచ్చు, అన్నవరం రాయవచ్చు. పిఠాపురం దగ్గర ఠ లేక ఆగిపోతాం. సామర్లకోటలో ట లేదు. నేనుండే ఊరు "కాకినా" దగ్గరే నిలిచిపోతుంది. విశాఖ నుంచి వచ్చే బండి కూడా ఇంత అన్యాయంగా ఆగదు.

కాబట్టి మనకు దారి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడమే. వీవెన్ తయారుచేసిన లేఖిని బ్రౌజరులోనే నడుస్తుంది. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే రెండో పెట్టెలో తెలుగు పడుతుంది, కాపీ చేసి కావలసిన చోట అతికించుకోవచ్చు. అందులో త, ద లకు చిన్న అక్షరాలు, ట, డ లకు క్యాపిటల్ అక్షరాలు. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. డి బటన్ కాస్త నొక్కి ఉంచితే కాకినాడ పూర్తవుతుంది. మామూలు ఫోన్ కీబోర్డు యాప్‌లలో ఉండే తెలుగు లిప్యంతరీకరణ తెర మీది అక్షరాలకు పనిచేసినట్టు బటన్లకు కూడా పనిచేస్తుందని ముందే అనుకోవద్దు, అడిగి తెలుసుకోండి. పనిచేయకపోతే ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో, బటన్లున్నా తెర మీద కీబోర్డు చూపించు అనే వీలుంటుంది. ఒకటి రెండు మాటలకు చాలు. ఉత్తరం రాయాలంటే ఆ చిన్న తెరలో సగం కీబోర్డే ఆక్రమించి ఊపిరాడనివ్వదు.

ఇంతకీ బరిలో ఎవరున్నారు? షాంఘైకి చెందిన యూనిహెర్ట్జ్ 2019 నుంచి టైటన్ పేరుతో వరసగా తెస్తోంది. మొదటి టైటన్ 300 గ్రాముల బరువు, చొక్కా జేబు చిరుగుతుంది. 2021లో వచ్చిన టైటన్ పాకెట్ తెర 3.1 అంగుళాలే, నా కళ్లజోడుకు అది చాలదు. 2025లో కిక్‌స్టార్టర్ ద్వారా వచ్చిన టైటన్ 2 ఇప్పుడున్నవాటిలో కాస్త పూర్తి ఫోన్ అనదగ్గది. 5జీ, ఆండ్రాయిడ్ 15, 12 జీబీ ర్యామ్, 5050 ఎంఏహెచ్ బ్యాటరీ. తెర 4.5 అంగుళాల చదరం, 2014 నాటి బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్టును గుర్తుకు తెస్తుంది. చదరపు తెర మీద మెయిలు, వార్తలు చక్కగా కనిపిస్తాయి. సినిమా వేస్తే పైనా కిందా నల్లపట్టీలు పడి మధ్యలో సన్నటి బొమ్మ మిగులుతుంది. నిలువు తెరను దృష్టిలో పెట్టుకుని చేసిన యాప్‌లలో అడుగున ఉండాల్సిన "కొనసాగించు" బటన్ కోసం కిందికి లాగాల్సి రావచ్చు.

లండన్ కంపెనీల జారుడు, మడత ఫోన్లు ఔత్సాహికులకు. ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో1-ఎక్స్ 2020లో చందాలు సేకరించేటప్పుడు ఒక ప్రాసెసర్ చెప్పి, అది దొరకక తర్వాత వేరేదానికి మారింది. డబ్బు కట్టినవాళ్లు చాలాకాలం ఎదురుచూశారు. కిక్‌స్టార్టర్, ఇండీగోగో అంగళ్లు కావు, అక్కడ మనం కట్టేది ధర కాదు, చందా. ప్రకటనలను నమ్మి కూర్చోవడం అంతకంటే ప్రమాదం. 2020 ఆగస్టులో ఆన్‌వర్డ్‌మొబిలిటీ అనే అమెరికన్ సంస్థ 5జీ బ్లాక్‌బెర్రీ తెస్తామంది. ఎంతోమంది పాత ఫోన్లు మార్చకుండా దాని కోసం ఆగారు. 2022 ఫిబ్రవరిలో ఒక్క ఫోన్ కూడా తేకుండానే మూతపడింది. 2026 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో క్లిక్స్ సంస్థ కమ్యూనికేటర్ అనే బటన్ల ఫోన్‌ను ప్రకటించింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చేతికొచ్చి కొన్ని నెలలు గడిచాక ఆలోచిస్తాను.

క్లిక్స్ వాళ్లే 2024లో ఐఫోన్‌కు తొడిగే బటన్ల కేసు తెచ్చారు. ఫోన్‌కు తోకలాగా కిందికి సాగుతుంది, టైపు చేసేటప్పుడు తెర మొత్తం ఖాళీగా ఉంటుంది. ఫోన్‌కు మన దేశపు వారంటీ, సర్వీసు అన్నీ ఉంటాయి. నేను చెబుతున్న లెక్క ప్రకారం తెలివైన ఎంపిక ఇదే అవ్వాలి, పోయేదీ పోనిదీ వేరువేరుగా ఉంటాయి కాబట్టి. కాకపోతే కేసు ఒక్కో మోడల్‌కు ఒక్కోటి. ఫోన్ మారిస్తే కేసు కూడా మార్చాలి, అప్పుడు పోనిదే ముందు పోయినట్టవుతుంది. దీనికి తిరగేసిన పని చైనాలో జిన్వా అనే సంస్థ చేస్తోంది. పాత బ్లాక్‌బెర్రీ క్లాసిక్ బాడీలో కీబోర్డును అలాగే ఉంచి, లోపలి బోర్డు తీసేసి ఆండ్రాయిడ్ బోర్డు పెడుతోంది. పదేళ్లు దాటిన కీబోర్డు కొత్త ఫోన్‌కు పనికొస్తోందంటే ఆ బటన్లు చేసినవాళ్లకు దండం పెట్టాలి.

నేను టైటన్ 2 తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. అదే మోడల్ వాడుతున్న ఒకాయన్ని అడిగి, నా ఆపరేటర్ మీద కాల్ కలుస్తోందని విన్నాకే. బ్యాంకు, యూపీఐ పనులు మాత్రం దాని మీద పెట్టను. మన షాపులో దొరికే మామూలు టచ్ ఫోన్ చవకలో ఒకటి ఇంట్లో ఉంటుంది, బ్యాంకుకు ఇచ్చిన నంబరు సిమ్ అందులో ఉంటుంది. రెండు ఫోన్లా అని మా ఇంట్లో నవ్వారు. యూపీఐ యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఆ సిమ్ నుంచే ఎస్ఎంఎస్ పంపి ఫోన్‌ను ఖాతాకు ముడివేస్తుంది. ఆ ముడి, రెండు మూడేళ్లలో అప్‌డేట్లు ఆగిపోయే అవకాశమున్న ఫోన్‌కు ఎందుకు వేయాలి?

ఒక్క జాగ్రత్త. కొత్తది రాగానే పాతదాన్ని రీసెట్ చేసి ఎవరికీ ఇచ్చేయకండి. వాట్సాప్ బ్యాకప్ కొత్త ఫోన్‌లో తెరుచుకుందో లేదో చూడండి. మెయిలుకు రెండో తాళంగా కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే, ఆ కోడ్‌లు కొత్త ఫోన్‌కు బదిలీ అయ్యాయని లాగిన్ చేసి తేల్చుకోండి. అది మరిచి పాత ఫోన్ చెరిపేస్తే సొంత మెయిలులోకి వెళ్లడానికి తిప్పలు పడాలి. బ్యాటరీ ఉబ్బిన ఫోనైతే చార్జింగ్ పెట్టి రాత్రంతా వదిలేయొద్దు, మూత నొక్కి సరిచేయబోవద్దు. పని ముగిశాక చెత్తబుట్టలో పారేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.